పెనాంగ్, ఫుకెట్‌ల షిప్పు దిగి సొంతంగ తిరిగినం, దిగుడుకే ఎంత టైం పట్టిందో చెప్త

మేం క్రూజ్‌కు పోయొచ్చిన కాన్నుంచి కాలనీల అందరు ఒక్కటే అడుగుతున్నరు, షిప్పోళ్ళ టూర్లు మస్తు పిరం ఉన్నయట గదా, మనమే బయట ట్యాక్సీ మాట్లాడుకుంటే నడుస్తదా అని. నడుస్తది, మేం అట్లనే చేసినం. గని టైం లెక్క ఎట్ల వేసుకోవాలెనో అది తెల్వకుంట బుక్ చేసుకుంటే మాత్రం ఆగమైతరు. ఇంటర్నెట్‌ల ఏడ చూసినా పెనాంగ్‌ల ఏం చూడాలె, ఫుకెట్‌ల ఏం తినాలె అనే రాస్తరు, షిప్పు కెల్లి కిందికి దిగుడు ఎట్ల అనేది ఎవ్వరు సక్కగ రాయలే, అందుకే రాస్తున్న.

మాది సింగపూర్ల ఎక్కి మలేషియాల ఉన్న పెనాంగ్, థాయ్‌లాండ్‌ల ఉన్న ఫుకెట్ చూసి మల్ల సింగపూర్ల దిగే రౌండు. సంక్రాంతి సెలవులల్ల పోయినం. హన్మకొండ కెల్లి కారుల షంషాబాద్, అక్కడికెల్లి సింగపూర్ ఫ్లైటు, మెరీనా బే క్రూజ్ సెంటర్ల షిప్పు ఎక్కుడు. బాపు, అమ్మ, మా ఇంటామె, పిల్లలు, నేను. బాపుకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగుడు కష్టం, ఈ ముచ్చట ముందుగల్లనే ఎందుకు చెప్తున్ననంటే మా ప్లాన్ మొత్తం దాని చుట్టే తిరిగింది. వీసాల లొల్లి ఇక్కడ రాస్త లేను, సింగపూర్‌కు కావాలె, మలేషియాకు 2023 డిసెంబర్ కాన్నుంచి మనోళ్ళకు వీసా లేకుంటనే పంపుతున్నరు, థాయ్‌లాండ్‌కు కూడ అట్లనే పోయినం, గని ఆన్‌లైన్ అరైవల్ కార్డులని ఏవో నింపుడు ఉంటయి, ఈ రూల్స్ మారుకుంటనే ఉంటయి కాబట్టి పోయే ముందట ఎవరిది వాళ్ళు చూస్కోవాలె.

మొదలు ఈ ఫరక్ తెలుసుకోవాలె. షిప్పోళ్ళ టూరు తీసుకుంటే మనిషికి ఇంత అని గుంజుతరు, మా అంత మందికి గుణిస్తే కండ్లు తిరిగినయి, అదే బయట వ్యాన్ మాట్లాడుకుంటే బండి మొత్తానికి ఒక్కటే రేటు. గని షిప్పోళ్ళ బస్సు ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే షిప్పు ఆగుతది, లేకపోతే వాళ్ళే ఏదో ఒక బందోబస్తు చేస్తరు. మన వ్యాన్ ఇరుక్కుంటే షిప్పు ఆగదు, అది దాని టైంకు పోతది, తర్వాత ఊరు దాంక మన ఖర్చుతోని మనమే పోవాలె. ఇంకోటి ఏందంటే పొద్దుగాల దిగేటప్పుడు కూడ ముందు లైన్ వాళ్ళదే. షిప్పు టూరు తీసుకున్నోళ్ళు, పెద్ద పెద్ద సూట్ రూములోళ్ళు మొదలు దిగుతరు, ఆ తర్వాతనే మనం. పైసలు మిగులుతయి గని టైం పోతది, ఇది ముందుగల్లనే మనసుల పెట్టుకుంటే సగం టెన్షన్ ఉండది.

రోజూ రాత్రి రూముల ఒక పేపర్ పెట్టి పోతరు, యాప్‌ల కూడ వస్తది. పెనాంగ్‌కు ముందు రాత్రి పేపర్ల మధ్యాహ్నం 1 గంటకు రాక, రాత్రి 8 కి ఆల్ అబోర్డ్, అంటే అందరు మల్ల షిప్పు ఎక్కి ఉండాల్సిన టైం అని ఉంది. 1 గంటకు షిప్పు నిజంగనే వచ్చి జెట్టీకి ఆనింది, బాల్కనీల కెల్లి తాళ్ళు కట్టుడు కూడ కనిపిస్తనే ఉంది. బాపు అప్పటికే బూట్లేసుకోని కూసున్నడు. ‘ఆగింది గదరా, ఇంకేంది?’ అన్నడు. ‘ఆగితే కాదు బాపు, ఆ ఊరి అధికారులు వచ్చి షిప్పు కాయిదాలు చూసి సరే అన్నంక దింపుతరు’ అన్న. ఆ సరే అన్న ముచ్చట మైకుల వచ్చేసరికి అరగంట దాటింది. వచ్చినంక ఏమైతదంటే షిప్పుల ఉన్న మూడు వేల మంది ఒక్కసారే లిఫ్టుల కాడికి వస్తరు.

ఈ లిఫ్టు ముచ్చట జర చెప్పాలె, ఎందుకంటే మోకాళ్ళ నొప్పులోళ్ళు ఇంట్ల ఉంటే ఇదే పెద్ద పరేషాన్. మా రూము తొమ్మిదో డెక్, గ్యాంగ్‌వే అంటే దిగే తొవ్వ రెండో డెక్. కిందికి పోయే లిఫ్టు ఎప్పుడు తలుపు తెరిచినా నిండుగ ఉంటది, పైన బఫే కాడ తిన్నోళ్ళంత దాంట్లనే వస్తరు. మా ఇంటామె ఏం చేసిందంటే పైకి పోయే లిఫ్టు ఖాళీగ ఉంటే అందర్ని అండ్లనే ఎక్కిచ్చింది. పైదాంక పోయి అదే లిఫ్టుల కిందికొచ్చినం, మా ఫ్లోర్ కాడ మాతోని నిలబడ్డోళ్ళు ఇంకా అక్కడనే నిలబడి మా మొకాలు చూస్తున్నరు. ఇంకో సంగతి, దిగే తొవ్వ షిప్పు ముందట ఉందా వెనుక ఉందా అనేది పొద్దుగాల మైకుల చెప్తరు, అది ఇనకుంట ఉల్టా దిక్కు లిఫ్టుల దిగితే మల్ల షిప్పు పొడుగంత నడవాలె. దిగే కాడ షిప్పోళ్ళిచ్చిన కార్డు మిషన్‌కు పెట్టంగనే టింగ్‌మని మోగుతది, మన ఫోటో వాళ్ళ కంప్యూటర్ల వస్తది, అప్పుడే మనం బయట ఉన్నట్టు లెక్క.

పెనాంగ్‌ల ఇమిగ్రేషన్ లైన్ ఉంది, పాస్‌పోర్టులు ఆ రోజు మా చేతికిచ్చి తీస్కపొమ్మన్నరు. అన్ని అయ్యి రోడ్డు మీదికి వచ్చేసరికి 2 గంటల 35 నిమిషాలు. అంటే పేపర్ల రాసిన టైంకు గంటన్నర పైన. అందుకే నేను పెనాంగ్‌ల బండే మాట్లాడలే. అక్కడ షిప్పు ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ సక్కగ జార్జ్ టౌన్ ఊరు మొగదలనే ఉంటది, బయటికొస్తే ఊర్లనే ఉన్నట్టు. 1786ల ఇంగ్లిషోడు ఫ్రాన్సిస్ లైట్ దిగిన జాగ కూడ అక్కడనే, ఫోర్ట్ కార్న్‌వాలిస్ అనే కోట నడిచే దూరంలనే ఉంటది. పెనాంగ్ హిల్‌కు పోదామని పిల్లలు ఒకటే గోల, గని ఆ గుట్ట ఊరికి అవతల ఉంటది, అక్కడ గుట్ట మీదికి తాడుతోని గుంజే ఫునిక్యులర్ ట్రైన్ కాడ లైన్ ఎంత ఉంటదో మన చేతుల లేదు, దిగేటప్పుడు మల్ల అదే లైన్. షిప్పుకు తిరిగొచ్చే రోజు ఇట్ల మన చేతుల లేని లైన్లు రెండు పెట్టుకోవద్దని నా లెక్క. పొద్దుగాలనే వచ్చే షిప్పు అయితే పోవచ్చు, మధ్యాహ్నం వచ్చేదానికి మాత్రం వద్దు.

సల్లగ లిటిల్ ఇండియాకు నడిచినం, ఆకులో అన్నం తిన్నం, అమ్మ పానం అప్పుడు కుదుటవడ్డది. అక్కడ ఉన్నదంత తమిళోళ్ళే, మన తెలుగోళ్ళు ఎవరన్న దొరుకుతరేమోనని బాపు దుకాండ్లల్ల అడిగిండు గని ఎవ్వరు దొరకలే. క్వీన్ స్ట్రీట్‌ల మారియమ్మన్ గుడి 1833 నాటిది, మధ్యాహ్నం మూసి ఉంటది, సాయంత్రం తీసినంక దండం పెట్టుకున్నం. తర్వాత చ్యూ జెట్టీ, సముద్రంల కట్టెల మీద కట్టిన ఇండ్లు, బాగుంది. 7 గంటలకే షిప్పుల ఉన్నం.

8 దాటినంక పై డెక్ మీద కెల్లి మస్తు మంది కిందికి చూస్తున్నరు, ఏందా అని నేను కూడ పోయి చూస్తే ఇద్దరు పిల్లలను ఎత్తుకోని ఒక కుటుంబం జెట్టీ మీద ఉరుకుతుంది. పైన జనం చప్పట్లు కొడుతున్నరు, కొందరు వీడియోలు తీస్తున్నరు, నాకైతే ఆ వీడియోలు తీసుడు అస్సలు నచ్చలే. గ్యాంగ్‌వే ఇంకా తీయలే కాబట్టి ఎక్కిచ్చుకున్నరు.

అసలు కథ ఫుకెట్‌ల. ఫుకెట్‌ల పెద్ద షిప్పులు ఆగే డీప్ సీ పోర్టు ఆవ్ మఖామ్ అని వేరే దిక్కు ఉంటది, కొన్ని షిప్పులు అక్కడ జెట్టీకి కడతరు, మాది పటాంగ్ బీచ్ ముందట సముద్రంల లంగరేసింది. పటాంగ్ కాడ ఆగితే టెండర్ల మీదనే దిగాలె, టెండర్ అంటే షిప్పుకు వేలాడదీసిన లైఫ్ బోట్లనే కిందికి దించి అండ్ల మనల్ని ఒడ్డుకు చేర్చుడు. ఫుకెట్‌ల మేం వ్యాన్ మాట్లాడుకున్నం, డ్రైవర్ ఒక ఆమె. డ్రైవర్‌తోని మాట్లాడేటప్పుడు షిప్పు ఏ దిక్కు ఆగుతదో షిప్పోళ్ళను పక్కా అడిగి చెప్పాలె, లేకపోతే ఆమె ఒక దిక్కు, మనం ఒక దిక్కు.

టెండర్ లెక్క ఇట్ల. ఒక బోటుల నూరు మందికి పైన పడతరు, నింపుడు, పోవుడు, దించుడు, ఖాళీగ మల్ల వచ్చుడు, ఒక్కో తిప్పకు ఎంత లేదన్న అరగంట. అసొంటి బోట్లు నాలుగైదు తిరుగుతయి. మూడు వేల మంది ఎప్పుడు దిగాలె? రెండు మూడు గంటలు పడతది, అందుకే నంబర్లు ఇస్తరు. పొద్దుగాల ఒక లాంజ్‌ల టెండర్ టికెట్లు పంచుతరు, మీతోని పోయేటోళ్ళు అందరు అక్కడ ఉంటేనే ఆ నంబరు ఇస్తరు, ఒక్కడు పోయి ఇంట్లోళ్ళందరికి తెస్త అంటే మా షిప్పుల ఇయ్యలే. అందుకే ముందు రాత్రే రూముల టిఫిన్ కార్డు నింపి తలుపుకు తగిలేసినం, ఆరున్నరకు రూముకే చాయ్, బ్రెడ్డు, పండ్లు తెచ్చిచ్చిండ్రు. బఫేకు పోతే అక్కడనే గంట పోతది. ఏడు గంటలకు అందరం లాంజ్ కాడ లైన్ల ఉన్నం, టికెట్లు పంచుడు మొదలయ్యేది ఏడున్నరకు. అంత పొద్దుగాల పోయినా మాకొచ్చింది 9వ నంబరు.

ఇగ కూసునుడే. షిప్పు టూరోళ్ళను థియేటర్ల కూసోబెట్టి షర్టులకు స్టిక్కర్లు అంటిచ్చి గుంపులు గుంపులుగ తీస్కపోతున్నరు, మేం లాంజ్‌ల సకినాలు నములుకుంట చూస్తున్నం. పండుగకు అమ్మ చేసినయి డబ్బ నిండ పట్కొచ్చింది, పక్కన కూసున్న ఒక చైనా పెద్దామెకు పెడితే రెండోది అడిగి తీస్కుంది. మా నంబరు పిలిచేసరికి 9 గంటల 50 నిమిషాలు. పేపర్ల రాక టైం 8 అని ఉంది, యాదుంచుకోండి.

బోటు ఎక్కుడు ముసలోళ్ళకు జర భయమే. షిప్పుకు బోటుకు నడుమ సందు ఉంటది, అల వచ్చినప్పుడల్ల బోటు లేస్తది, దిగుతది, రెండు దిక్కుల సిబ్బంది నిలబడి రెక్కలు పట్టుకోని ‘ఇప్పుడు’ అన్నప్పుడే అడుగెయ్యాలె. బాపును ఇద్దరు పట్టుకున్నరు, అడుగు వేసిండు, అయిపోయింది. చేతుల సంచులు, ఫోన్లు పట్టుకోవద్దు, బ్యాగు వీపుకు ఉండాలె. వీల్‌చైర్ల ఉండేటోళ్ళను అలలు జోరుగ ఉంటే అసలే ఎక్కనియ్యరు, అసొంటోళ్ళు ఉంటే టెండర్ ఊరు కాకుంట జెట్టీ ఉన్న ఊర్లు చూసి షిప్పు బుక్ చేసుకోవాలె.

ఇప్పుడు గడియారం సంగతి, దీనికోసమే అసలు రాస్తున్న అనుకోండి. సింగపూర్, మలేషియా టైం ఒక్కటే, థాయ్‌లాండ్ టైం గంట వెనుక. మా షిప్పు మొత్తం తొవ్వంత సింగపూర్ టైమే పెట్టుకుంది, ఫుకెట్‌ల కూడ మార్చలే. షిప్పు పేపర్ల ఆఖరి టెండర్ 5 గంటలకు అని ఉంటే అది థాయ్ టైంల 4. ఫోన్ ఒడ్డు దగ్గర పడంగనే అక్కడి సిగ్నల్ పట్టుకోని దానంతటదే గంట వెనుకకు పోతది. ఫోన్ చూసి 5 కు ఒడ్డుకొస్తే షిప్పు టైంల 6, అప్పటికి టెండర్లు బందయ్యి గంట అయ్యుంటది. ఈ సంగతి సింగపూర్ల ఉండే మా బామ్మర్ది ముందే చెప్పిండు కాబట్టి ఫోన్లల్ల ఆటోమేటిక్ టైం బందు పెట్టినం. అయినా నేను ఫోన్‌ను నమ్మలే, బాపు చేతికి ఎప్పటిదో చావి తిప్పే హెచ్‌ఎంటీ గడియారం ఉంది, దాన్ని సింగపూర్ల షిప్పు టైంకు పెట్టిచ్చిన, ఆ గడియారానికి ఏ సిగ్నల్ తోని పని లేదు, రోజంత అందరం దాన్నే చూసినం. డ్రైవర్‌తోని మాట్లాడేటప్పుడు మాత్రం థాయ్ టైమే. తొమ్మిదిన్నరకు బీచ్ కాడ అని మెసేజ్ పెడితే ఆమెనే ‘థాయ్ టైమా, షిప్పు టైమా’ అని అడిగింది, అంటే ఎంత మంది ఆగమైతరో ఆమెకు తెల్సు.

ఒడ్డుకు చేరేసరికి షిప్పు టైం 10:20, థాయ్ టైం 9:20. నేను ఎన్కకు లెక్కేసిన, ఆఖరి టెండర్ థాయ్ టైం 4 కు, ఆఖరి గంటల లైన్ పెద్దగ ఉంటది కాబట్టి మనం 3 కే ఒడ్డున ఉండాలె. అంటే చేతుల ఉన్నది ఐదున్నర గంటలు. పేపర్ల చూస్తే 8 కు రాక, 6 కు పోక, పది గంటలు అనిపిస్తది. ఆ పది గంటలు చూసి ఫి ఫి దీవులకు బయటి స్పీడ్ బోటు టూరు బుక్ చేసుకున్నోళ్ళు కూడ షిప్పుల ఉన్నరు, పొద్దుగాల కౌంటర్ కాడ ‘మాకు ముందు నంబరియ్యుండ్రి, మా బోటు పోతది’ అని ఒకటే లొల్లి. బయట బుక్ చేసుకున్నది షిప్పోళ్ళకు సంబంధం లేదు గదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తరు.

తిరిగే తొవ్వ గురించి ఒక్క మాట. దూరం ఉన్నది మొదలు చూసి, షిప్పుకు దగ్గరున్నది ఆఖరుకు పెట్టుకోవాలె. ఫుకెట్ పాత ఊరు పటాంగ్‌కు అవతలి దిక్కు, నడుమ గుట్ట ఎక్కి దిగాలె, ఆ ఘాట్ రోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పుడు ఆగుతదో తెల్వదు. అందుకే పొద్దుగాలనే అటు పోయినం. తలాంగ్ రోడ్డు, సోయ్ రోమనీ గల్లీ, రంగు రంగుల పాత ఇండ్లు, పిల్లలు ఐస్‌క్రీమ్. అక్కడికెల్లి వాట్ చలాంగ్ బుద్ధుని గుడి, అమ్మకు అన్నిట్ల కంటే అదే నచ్చింది, చెప్పులిడిచి సల్లటి బండల మీద చానసేపు కూసుంది. తర్వాత కరోన్ వ్యూ పాయింట్, మూడు బీచులు ఒక్కతాన కనిపిస్తయి, అక్కడికెల్లి కటా, కరోన్ బీచుల మీదుగ సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకోని పటాంగ్. ఘాట్ రోడ్డు రెండోసారి తగల్లే, ఏ కారణం చేతనన్న ఆలస్యమైతే ఆఖరి బీచులు ఇడిసిపెట్టి సక్కగ వచ్చే తొవ్వ ఉంది.

3 కు ఒడ్డుకొచ్చినం, అయినా లైన్ ఉంది. మేడారం జాతరల మొక్కు అయినంక హన్మకొండ బస్సు కోసం నిలబడే లైన్ గుర్తుకొచ్చింది, అదే ఎండ, అదే పిల్లల ఏడుపులు, కాకపోతే ఇక్కడ షిప్పోళ్ళు సల్లటి నీళ్ళు, తడి తువ్వాలలు ఇస్తున్నరు. మా ముందట నిలబడ్డ ఒక పూణె జంట ‘ఇంకా చాన టైం ఉంది, షాపింగ్ చేసొద్దాం’ అని లైన్ల కెల్లి బయటికి పోతున్నరు, ఆ పిల్లగాడు ఫోన్ చూస్తున్నడు. బాపు ఆయన భుజం తట్టి చెయ్యి ముందుకు పెట్టి గడియారం చూపిచ్చిండు. బాపుకు హిందీ నిజాం జమానా నాటి తీరు, ‘బేటా, జహాజ్ కా టైం యే హై’ అన్నడు. ఆ పిల్లగాడు ఒకసారి ఫోన్, ఒకసారి గడియారం చూసి మల్ల వచ్చి లైన్ల నిలబడ్డడు, రాత్రి డిన్నర్ కాడ కనిపిస్తే వచ్చి కాళ్ళు మొక్కి పోయిండు. 40 నిమిషాలు నిలబడి బోటు ఎక్కినం.

జేబుల ఏం ఉండాలె అంటే షిప్పు కార్డు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, పాస్‌పోర్టు షిప్పుల ఇడిసిపెడితే దాని జిరాక్స్, అక్కడి పైసలు కొన్ని, ఇంక రాత్రి వచ్చే ఆ పేపర్. ఆ పేపర్ల పోర్ట్ ఏజెంట్, అంటే ఆ ఊర్ల షిప్పు పనులు చూసే మనిషి ఫోన్ నంబరు ఉంటది, మనల్ని ఇడిసి షిప్పు పోతే దిక్కు ఆయనే. ఎవరన్న రాకపోతే వాళ్ళ పాస్‌పోర్టులు తీసి ఆ ఏజెంట్‌కే అప్పజెప్పి పోతరట, మా రూము చూసుకునే పిల్లగాడు చెప్పిండు. బీపీ గోలీలు కూడ మనతోనే ఉండాలె, రూముల పెట్టి దిగొద్దు. ఫోన్ షిప్పుల ఉన్నంతసేపు ఫ్లైట్ మోడ్‌ల పెట్టుండ్రి, సముద్రంల పట్టే నెట్‌వర్క్‌కు బిల్లు వేరే తీరు వస్తది.

బామ్మర్ది ఇప్పుడు యూరప్ క్రూజ్ అంటున్నడు, అండ్ల రోమ్ అని రాసి ఉంటది గని షిప్పు ఆగేది చివిటవెక్కియా అనే ఊర్ల, అక్కడికెల్లి రోముకు ట్రైన్ల గంట దాంక ఉంటది, ట్రైన్ స్టేషన్‌కు పోవాలన్నా పోర్టు బయటి దాంక బస్సు ఎక్కాలె. ఫ్లోరెన్స్ అన్నా అంతే, షిప్పు లివోర్నోల ఆగుతది. శాంటోరిని అయితే టెండర్‌ల గుట్ట కింద దింపుతరు, పైకి పోవాలంటే కేబుల్ కార్, లేకపోతే 500కు పైన మెట్లు, దిగేటప్పుడు కేబుల్ కార్ లైన్ మల్ల వేరే. రోముకు మాత్రం నేనైతే పైసలు పోతే పోయినయని షిప్పోళ్ళ టూరే తీసుకుంట అని చెప్పిన, బాపును పట్టుకోని ట్రైన్లు మారుడు నా వల్ల కాదు.

మా వదినోళ్ళు జూన్‌ల ఫుకెట్ రౌండే పోతం అంటున్నరు. వానకాలంల ఆ పడమటి దిక్కు సముద్రం లేస్తది, అలలు ఎక్కువుంటే టెండర్లు నడపరు, ఊరు చూడకుంటనే షిప్పు ముందుకు పోతది. షిప్పు టూరైతే పైసలు వాపస్ ఇస్తరు, బయటి వ్యాన్‌కు అడ్వాన్స్ కడితే అది పోయినట్టే. అందుకే మా డ్రైవరామె నంబరు వదినకిచ్చిన, మా దగ్గర కూడ ఆమె అడ్వాన్స్ తీసుకోలే, బండి దిగినంకనే పైసలు తీసుకుంది.